టేబుల్ వ్యూలో సెక్షన్ హెడర్ మాయమైతే ఎక్కడి నుంచి వెతకాలి

మీరు పెట్టిన ప్రశ్న, కోడ్ చూశాక మీ సమస్య నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. ఐఫోన్ యాప్‌లో ఆర్డర్ల జాబితా ఉంది, జిల్లాల వారీగా సెక్షన్లు. ఆ జాబితాను వరుసలుగా చూపేది టేబుల్ వ్యూ. ప్రతి సెక్షన్ మీద మీరే డిజైన్ చేసుకున్న హెడర్ ఉంది. అందులో జిల్లా పేరు, ఆర్డర్ల సంఖ్య, సెక్షన్‌ను ముడిచి తెరిచే బాణం గుర్తు ఉన్నాయి. ఆ హెడర్‌ను తెరలను గీసుకునే స్టోరీబోర్డులో, జాబితా వరుసకు నమూనా అయిన ప్రోటోటైప్ సెల్‌గా గీసి, 'వ్యూ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' మెథడ్ నుంచి ఆ సెల్‌నే తిరిగి ఇస్తున్నారు. తెర తెరవగానే అంతా బాగుంటుంది. ఒక వరుస డిలీట్ చేస్తే హెడర్ కూడా దాంతోపాటే పోతోంది. ఒక జిల్లా పూర్తిగా తీసేశాక బాణం నొక్కితే వేరే జిల్లా తెరుచుకుంటోంది. పాత ప్రాజెక్టును యాప్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన కొత్త ఎక్స్‌కోడ్‌లోకి తెచ్చాక ప్రతి హెడర్ పైనా అనవసరమైన ఖాళీ వచ్చింది. తెలుగు పేర్లకు కింద వత్తులు తెగిపోతున్నాయి.

ఇవి నాలుగూ వేర్వేరు బగ్‌లు, ఒక్క మార్పుతో పోవు. కానీ నాలుగింటి వెనకా ఉన్న విషయం ఒకటే. హెడర్ ఎక్కడ ఉండాలి, ఎంత ఎత్తు ఉండాలి, ఎప్పుడు తయారవ్వాలి, ఎప్పుడు తెర మీద నుంచి పోవాలి అన్నవన్నీ టేబుల్ వ్యూ చేతిలో ఉంటాయి. అది అడిగినప్పుడు లోపల కనిపించే సరుకు ఇవ్వడం వరకే మన పని. ఈ హద్దు దాటి మన కోడ్ హెడర్ మీద పెత్తనం చేసిన ప్రతిచోటా ఏదో ఒక బగ్ బయటపడుతుంది. కింద చెప్పేదంతా ఈ హద్దు ఎక్కడ దాటారో వెతకడమే.

కోడ్ మార్చే ముందు ఒక పని చేయండి. హెడర్ కనబడకపోతే చాలామంది వెంటనే రంగులు, ఫాంట్లు, వ్యూల చోటును, సైజును తేల్చే నియమాలైన కన్‌స్ట్రెయింట్లు తిరగేస్తారు. అసలు టేబుల్ వ్యూ మిమ్మల్ని హెడర్ అడిగిందా లేదా అన్నది తేలకుండా అవి ముట్టుకోవద్దు. 'వ్యూ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' మెథడ్ మొదటి లైన్ మీద, యాప్ నడుస్తూ ఆగేలా బ్రేక్‌పాయింట్ పెట్టండి. అక్కడ ఆగితే సమస్య ఇచ్చిన వ్యూలోనో, ఎత్తులోనో ఉంది. ఆగకపోతే సమస్య ఇంకా ముందు ఉంది.

ఆగకపోవడానికి నేను తరచుగా చూసే కారణాలు చెబుతాను. టేబుల్ వ్యూకు డేటా ఇచ్చేది డేటా సోర్స్, అది ఎలా కనబడాలి, నొక్కితే ఏం చేయాలి లాంటివి చెప్పేది డెలిగేట్. 'టైటిల్ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' డేటా సోర్స్ ప్రోటోకాల్‌లో ఉంటుంది. 'వ్యూ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' మాత్రం డెలిగేట్ ప్రోటోకాల్‌లో ఉంటుంది. స్టోరీబోర్డులో డేటా సోర్స్ తీగ కలిపి డెలిగేట్ తీగ మరిచిపోతే వరుసలు చక్కగా వస్తాయి, హెడర్ మాత్రం రాదు. వరుసలు వస్తున్నాయి కాబట్టి కనెక్షన్ బాగానే ఉందని అనుకుంటాం. వ్యూ కంట్రోలర్‌లో కోడ్ పెరిగిపోయిందని డెలిగేట్‌ను వేరే క్లాసులోకి మార్చినవాళ్లకు ఇంకో రకం ఇబ్బంది వస్తుంది. టేబుల్ వ్యూ తన డెలిగేట్‌ను గట్టిగా పట్టుకోదు, అంటే మెమరీలో బతికించి ఉంచదు, వీక్ రిఫరెన్స్‌గానే ఉంచుకుంటుంది. ఆ ఆబ్జెక్టును 'వ్యూ డిడ్ లోడ్' లోపల లోకల్ వేరియబుల్‌గా తయారుచేసి అప్పజెబితే, ఆ ఫంక్షన్ ముగిసేసరికే అది మెమరీ నుంచి పోతుంది. ప్రాపర్టీగా దాచుకోండి.

మూడోది మనం కోడ్ రాసే భాష స్విఫ్ట్ సొంత వ్యవహారం. డెలిగేట్ ప్రోటోకాల్‌లో ఈ మెథడ్లన్నీ ఐచ్ఛికం కాబట్టి, పేరు కొంచెం తప్పు రాసినా కంపైలర్ ఎర్రర్ ఇవ్వదు, మహా అయితే పసుపుపచ్చ వార్నింగ్ ఇస్తుంది. 2016లో స్విఫ్ట్ 3 వచ్చినప్పుడు మొదటి ఆర్గ్యుమెంట్ ముందు అండర్‌స్కోర్ తప్పనిసరి అయింది. పాత పాఠం నుంచి కాపీ చేసిన కోడ్‌లో అది లేకపోతే అది మీ సొంత ఫంక్షన్ అవుతుంది తప్ప డెలిగేట్ మెథడ్ అవ్వదు. బేస్ క్లాస్ ఒకటి ప్రోటోకాల్‌ను అంగీకరించి, మెథడ్ మాత్రం సబ్‌క్లాస్‌లో రాసిన ప్రాజెక్టుల్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. స్విఫ్ట్ 4 నుంచి ఆబ్జెక్టివ్-సీకి కనబడే గుణం దానంతటదే రాదు. కాబట్టి ఆ మెథడ్ ముందు 'ఎట్ ఆబ్జ్‌సీ' గుర్తు పెట్టాలి, లేదా బేస్ క్లాసులో ఖాళీ మెథడ్ రాసి సబ్‌క్లాసులో ఓవర్‌రైడ్ చేయాలి. నాకు రెండోదే నచ్చుతుంది. తర్వాత కోడ్ చదివేవాళ్లకు విషయం కళ్లకు కనిపిస్తుంది.

బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగింది, వ్యూ కూడా ఇచ్చారు, అయినా తెర మీద ఏమీ లేదనుకోండి. అప్పుడు యాప్‌ను కాసేపు ఆపి, కన్సోల్‌లో 'పీఓ' కమాండ్‌తో టేబుల్ వ్యూను 'రెక్ట్ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' అడగండి. ఎత్తు సున్నా వస్తే అది ఎత్తు లెక్కల గొడవ. ఎత్తు సరిగ్గా వచ్చి, 'హెడర్ వ్యూ ఫర్ సెక్షన్' అడిగితే నిల్, అంటే ఏమీ లేదని, వస్తోందా? ఆ సెక్షన్ ఇప్పుడు తెర మీద లేకపోయినా, మీరిచ్చినది హెడర్ల కోసమే ఉన్న 'హెడర్ ఫుటర్ వ్యూ' రకం కాకపోయినా నిల్లే వస్తుంది. తెర మీద ఉన్న సెక్షన్‌కే నిల్ వస్తే రెండో కారణం ఖాయం. మీ కోడ్‌లో అదే వస్తుంది, ఎందుకంటే మీరు ఇస్తున్నది సెల్. ఎక్స్‌కోడ్‌లో వ్యూ హైరార్కీ డీబగ్గర్ తెరిచి మొత్తాన్ని పక్కకు తిప్పి చూస్తే హెడర్ వరుసల వెనక ఉందా, వెడల్పు సున్నా అయిందా, ఒకదాని మీద ఒకటి రెండు లేబుళ్లు ఉన్నాయా అన్నవి ఒక్క చూపులో తెలుస్తాయి.

ఇప్పుడు మీ అసలు బగ్, డిలీట్‌తో పోయే హెడర్.

స్టోరీబోర్డులో సెక్షన్ హెడర్ గీసుకోవడానికి చోటు లేదు. సెల్‌కు ఉన్నట్టు హెడర్‌కు ప్రోటోటైప్ ఉండదు. అందుకే హెడర్‌ను కూడా ఒక సెల్‌గా గీసి, ఒక ఐడెంటిఫయర్ పెట్టి, దాన్నే తిరిగి ఇచ్చే అలవాటు వ్యాపించింది. సెల్ కూడా వ్యూనే కాబట్టి కంపైలర్ ఒప్పుకుంటుంది, మొదటిసారి చక్కగా కనబడుతుంది కూడా. కానీ టేబుల్ వ్యూ లోపల సెల్‌లకు ఒక లెక్క, హెడర్లకు ఇంకో లెక్క ఉంటాయి. సెల్ అంటే దాని దృష్టిలో ఏదో ఒక వరుసకు చెందినది. వరుసలు చేర్చినప్పుడు, తీసినప్పుడు, రీలోడ్ చేసినప్పుడు అది తన సెల్‌లన్నింటినీ కదిలిస్తుంది, దాస్తుంది, తిరిగి వాడుకునే గూటిలో వేస్తుంది. హెడర్ స్థానంలో కూర్చున్న మీ సెల్ కూడా ఆ లెక్కలో చిక్కుకుంటుంది. కన్సోల్‌లో 'నో ఇండెక్స్ పాత్ ఫర్ టేబుల్ సెల్ బీయింగ్ రీయూజ్డ్' అన్న లైన్ కనబడిందంటే సరిగ్గా ఇదే జరుగుతోందని అర్థం. మీ దగ్గర ఆ లైన్ తప్పకుండా ఉండి ఉంటుంది, ఒకసారి వెతకండి. వరుసను ఎడమకు స్వైప్ చేస్తే హెడర్ కూడా దాంతో కదలడం కూడా ఈ కారణంతోనే జరుగుతుంది.

దీనికి ఎక్కువగా దొరికే సలహా, సెల్ బదులు సెల్ లోపలి 'కంటెంట్ వ్యూ'ను తిరిగి ఇవ్వమని. అది మీ మొదటి బగ్‌ను నిజంగానే ఆపుతుంది, కాబట్టి రేపే యాప్ విడుదల ఉందంటే అలా చేసి పంపండి. కానీ దాన్ని అక్కడే వదిలేయకండి. కంటెంట్ వ్యూ టేబుల్ వ్యూ కిందకు వెళ్లిపోయాక ఆ సెల్‌ను పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు, అది మెమరీ నుంచి పోతుంది. బాణం బటన్‌కు టార్గెట్‌గా ఆ సెల్‌నే పెట్టారు. బటన్ తన టార్గెట్‌ను బతికించి ఉంచదు. దాంతో హెడర్ చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది, నొక్కితే మాత్రం ఏమీ జరగదు. ఎర్రర్ రాదు, క్రాష్ ఉండదు. ఒక బగ్ మాన్పడానికి దానికంటే దొరకని బగ్ తెచ్చుకున్నట్టవుతుంది.

సరైన దారి 2012లో ఐఓఎస్ 6తో వచ్చిన 'యూఐ టేబుల్ వ్యూ హెడర్ ఫుటర్ వ్యూ' క్లాస్. దాని సబ్‌క్లాస్ ఒకటి రాసి, 'వ్యూ డిడ్ లోడ్'లో రిజిస్టర్ చేసి, హెడర్ అడిగినప్పుడు 'డీక్యూ రీయూజబుల్ హెడర్ ఫుటర్ వ్యూ'తో తీసుకుని ఇవ్వాలి. అప్పుడు టేబుల్ వ్యూ దాన్ని హెడర్ల లెక్కలోనే ఉంచుతుంది.

గీయడం ఎక్కడ అంటారా? విడిగా ఒక్క వ్యూను గీసుకునే జిబ్ ఫైల్ తెరిచి, అందులో మామూలు వ్యూ పెట్టి, ఆ వ్యూ క్లాసును మీ సబ్‌క్లాసుగా మార్చవచ్చు. ఔట్‌లెట్లు (గీసినదాన్ని కోడ్‌కు కలిపే తీగలు) ఫైల్స్ ఓనర్‌కు కాదు, ఆ వ్యూకే కలపాలి. ఇందులో ఒక మెలిక ఉంది. జిబ్‌లో మీరు పెట్టిన లేబుళ్లు హెడర్‌కు నేరుగా తగులుకుంటాయి, దాని కంటెంట్ వ్యూ లోపలికి వెళ్లవు. కంటెంట్ వ్యూ వాటి పక్కన విడిగా ఉంటుంది. మీలా రెండు లేబుళ్లు, ఒక బటన్ ఉన్న చిన్న హెడర్‌కైతే నేను జిబ్ వాడను. 'ఇనిట్ రీయూజ్ ఐడెంటిఫయర్' లోపల కోడ్‌తోనే కట్టి, అన్నీ కంటెంట్ వ్యూలోకి చేర్చి, కన్‌స్ట్రెయింట్లు కూడా కంటెంట్ వ్యూ అంచులకే కడతాను. ముప్పై నలభై లైన్లతో అయిపోతుంది.

ఇలా కట్టేటప్పుడు తప్పక గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. లేబుళ్లకు 'ట్రాన్స్‌లేట్స్ ఆటోరిసైజింగ్ మాస్క్ ఇంటూ కన్‌స్ట్రెయింట్స్'ను ఫాల్స్ చేయాలి, కానీ హెడర్‌కు గానీ దాని కంటెంట్ వ్యూకు గానీ చేయకూడదు. వాటి ఫ్రేమ్ టేబుల్ వ్యూ పెడుతుంది. మీరు ఫాల్స్ చేస్తే ఆ ఫ్రేమ్‌కు విలువ పోయి, హెడర్ తెర ఎడమ మూలకు ముడుచుకుపోవడం, వెడల్పు లేకుండా పోవడం లాంటివి చూస్తారు. రెండోది, హెడర్ పుట్టిన క్షణంలో దాని వెడల్పు సున్నా. ఎడమ పదహారు పాయింట్లు, కుడి పదహారు పాయింట్లు వదలమన్న మీ కన్‌స్ట్రెయింట్లు ఆ సున్నా వెడల్పులో ఇమడవు. అందుకే కన్సోల్‌లో 'అన్‌ఏబుల్ టు సైమల్టేనియస్లీ శాటిస్ఫై కన్‌స్ట్రెయింట్స్' అంటూ పేజీడు సందేశం వస్తుంది. హెడర్ చివరకు సరిగ్గానే కనబడుతుంది కాబట్టి దీన్ని పట్టించుకోనివాళ్లు ఎక్కువ. కానీ నిజమైన గొడవ వచ్చినప్పుడు ఆ చెత్తలో అది కనబడదు. కుడి అంచు, కింది అంచు కన్‌స్ట్రెయింట్ల ప్రయారిటీని 999 చేయండి, సందేశం ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే 'యూఐ వ్యూ అలర్ట్ ఫర్ అన్‌శాటిస్ఫయబుల్ కన్‌స్ట్రెయింట్స్' అన్న పేరు మీద సింబాలిక్ బ్రేక్‌పాయింట్ పెట్టండి. గొడవ పుట్టిన చోటే యాప్ ఆగుతుంది.

నేపథ్య రంగు విషయానికి వస్తే, హెడర్‌కు నేరుగా 'బ్యాక్‌గ్రౌండ్ కలర్' ఇస్తే అది పాతబడిన పద్ధతి అంటూ కన్సోల్ హెచ్చరిస్తుంది. 'బ్యాక్‌గ్రౌండ్ వ్యూ'కు రంగు వేసిన వ్యూ ఇవ్వండి. ఐఓఎస్ 14 నుంచి 'బ్యాక్‌గ్రౌండ్ కాన్ఫిగరేషన్' ఉంది, మీ యాప్ అంతకంటే పాత ఫోన్లకు అక్కర్లేకపోతే అదే వాడండి. జిబ్ వాడేవాళ్లు ఇన్‌స్పెక్టర్‌లో రంగును డిఫాల్ట్‌గా వదలాలి, లేదంటే అదే హెచ్చరిక అక్కడి నుంచి వస్తుంది. ప్లెయిన్ స్టైల్ టేబుల్‌లో హెడర్ పైన అతుక్కుని నిలబడుతుంది, వరుసలు దాని కింద నుంచి జారతాయి. కాబట్టి అక్కడ రంగు లేకుండా పారదర్శకంగా వదిలితే రెండు వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడి చదవలేం. గ్రూప్డ్ స్టైల్‌లో హెడర్ వరుసలతో పాటే పోతుంది కాబట్టి ఈ చిక్కు రాదు.

ఇక తప్పు జిల్లా తెరుచుకోవడం. మీరు బటన్ ట్యాగ్‌లో (దానికి తగిలించే అంకెలో) సెక్షన్ నంబర్ దాస్తున్నారు, నొక్కినప్పుడు ఆ నంబర్‌తో డేటా వెతుకుతున్నారు. మూడో సెక్షన్ తీసేస్తే నాలుగోది మూడోది అవుతుంది. కానీ తెర మీద ఇప్పటికే ఉన్న హెడర్‌ను టేబుల్ వ్యూ పైకి జరుపుతుందే తప్ప మిమ్మల్ని మళ్లీ అడగదు. కాబట్టి దాని ట్యాగ్‌లో పాత నంబరే మిగిలిపోతుంది. చివరి సెక్షన్ అయితే ఆ నంబర్ అర్రే పరిధి దాటి యాప్ క్రాష్ కూడా అవుతుంది. డిలీట్ అయ్యాక 'రీలోడ్ డేటా' పిలిస్తే ఇది కనబడదు. అందుకే చాలామంది అది పిలిచి ఊరుకుంటారు, యానిమేషన్ పోగొట్టుకుంటారు.

నంబర్ దాచకండి. ఆ సెక్షన్‌ను గుర్తించే స్థిరమైనది ఏదైనా, మీ విషయంలో జిల్లా కోడ్, హెడర్‌లో ప్రాపర్టీగా దాచండి. నొక్కినప్పుడు ఆ కోడ్ ఇప్పుడు ఎన్నో స్థానంలో ఉందో డేటాలో వెతికి, ఆ స్థానంతో పని చేయండి. జాబితాలో పది ఇరవై జిల్లాలుంటే ఈ వెతుకులాటకు పట్టే సమయం లెక్కలోకి రాదు. క్లోజర్ (తర్వాత నడిచే కోడ్ ముక్క) ద్వారా నొక్కిన కబురు పంపేవాళ్లు కూడా ఆ క్లోజర్ లోపల సెక్షన్ నంబర్‌ను పట్టుకుంటే సరిగ్గా ఇదే బగ్ వస్తుంది. ట్యాగ్ తీసేసి క్లోజర్ పెట్టాం, అయినా పోలేదని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

ఇదే కారణంతో మీరింకా గమనించని ఇంకో బగ్ కూడా మీ కోడ్‌లో ఉంది. హెడర్‌లో ఆర్డర్ల సంఖ్య చూపిస్తున్నారు. ఒక వరుస డిలీట్ చేస్తే అయిదు నాలుగు అవ్వాలి. 'డిలీట్ రోస్' హెడర్‌ను మళ్లీ అడగదు కాబట్టి అయిదే ఉంటుంది, హెడర్ తెర దాటిపోయి తిరిగి వచ్చేదాకా మారదు. ఇప్పటిదాకా హెడరే మాయమవుతోంది కాబట్టి ఇది బయటపడలేదు. హెడర్ నిలబడగానే ఇది కనబడుతుంది. దీనికి 'రీలోడ్ సెక్షన్స్' పిలవకండి, మొత్తం సెక్షన్ మెరిసినట్టవుతుంది. 'హెడర్ వ్యూ ఫర్ సెక్షన్' అడిగి, తెర మీద ఉంటే దాని లేబుల్ మాత్రం మార్చండి. లేకపోతే వదిలేయండి, రావాల్సినప్పుడు కొత్త సంఖ్యతోనే వస్తుంది. మార్పు వల్ల హెడర్ ఎత్తు కూడా మారేట్టయితే ఆ తర్వాత ఖాళీ 'పెర్ఫార్మ్ బ్యాచ్ అప్‌డేట్స్' ఒకటి పిలవండి. టేబుల్ వ్యూ ఎత్తులు మళ్లీ లెక్కేసుకుంటుంది. జిల్లాలో చివరి ఆర్డర్ పోయినప్పుడు మాత్రం వరుసను కాదు, సెక్షన్‌ను డిలీట్ చేయాలి. డేటాలో సెక్షన్ తీసేసి టేబుల్‌కు వరుస తీశానని చెబితే లెక్క కుదరక 'ఇన్‌వాలిడ్ అప్‌డేట్' అంటూ యాప్ పడిపోతుంది.

హెడర్‌ను తిరిగి వాడుకోవడం గురించి ఒక మాట. డీక్యూ చేసిన హెడర్ కొత్తది కాకపోవచ్చు, ఇందాక వేరే జిల్లాకు వాడినది కావచ్చు. 'వ్యూ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' లోపల 'యాడ్ సబ్‌వ్యూ' గానీ 'యాడ్ జెస్చర్ రికగ్నైజర్' గానీ ఉంటే ప్రతిసారీ ఒకటి పేరుకుంటుంది. కాసేపు స్క్రోల్ చేశాక అక్షరాలు లావుగా, మసగ్గా కనబడుతున్నాయంటే ఒకే చోట చాలా లేబుళ్లు ఉన్నట్టు. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పనిచేసి, తెరుచుకున్నది వెంటనే ముడుచుకుంటోందంటే జెస్చర్లు పేరుకున్నట్టు. వీటిని చేర్చడం ఇనిట్‌లో, విలువలు నింపడం డెలిగేట్ మెథడ్‌లో ఉండాలి. తిరిగిన బాణం లాంటి పాత స్థితిని 'ప్రిపేర్ ఫర్ రీయూజ్'లో మొదటికి తేవాలి.

ఎత్తు దగ్గరకు వద్దాం. ఇక్కడ ఏళ్ల తరబడి నియమాలు మారుతూ వచ్చాయి. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. చదివే జవాబు ఏ కాలానిదో చూసుకోండి. ఐఓఎస్ 5కు ముందు మీరు నిల్ వ్యూ ఇస్తే టేబుల్ వ్యూ తనే ఎత్తు సున్నా చేసుకునేది. 2011లో ఐఓఎస్ 5 వచ్చాక 'హైట్ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్'లో అసలు ఎత్తు మీరే చెప్పాల్సి వచ్చింది. ఈ మెథడ్ లేకపోతే హెడర్ రాదు అన్న సలహా ఆ రోజులది. 2017లో ఐఓఎస్ 11తో అంచనా ఎత్తుల డిఫాల్ట్ విలువ సున్నా నుంచి 'ఆటోమేటిక్ డైమెన్షన్'కు మారింది. అంటే మీరు ఏమీ చెప్పకపోతే హెడర్ తన కన్‌స్ట్రెయింట్లను బట్టి తన ఎత్తు తనే తేల్చుకుంటుంది. పాత కోడ్ కొన్నిచోట్ల కొత్త ఎత్తులు చూపడానికి, స్క్రోల్ గెంతడానికి అది కారణమైంది. గ్రూప్డ్ స్టైల్‌లో సున్నా ఇస్తే దాన్ని డిఫాల్ట్ ఎత్తు అని అర్థం చేసుకుంటుంది. హెడర్ వద్దనుకుంటే 'లీస్ట్ నార్మల్ మాగ్నిట్యూడ్' ఇవ్వాలి. ఇది చూడ్డానికి వింతగా ఉన్నా అవసరమైనదే, దాని పక్కన ఎందుకో ఒక కామెంట్ రాసిపెట్టండి. లేకపోతే ఎవరో ఒకరు దాన్ని సున్నాగా 'సరిచేస్తారు'.

మీకు కనబడే పై ఖాళీ 2021 నాటిది. ఐఓఎస్ 15తో టేబుల్ వ్యూకు 'సెక్షన్ హెడర్ టాప్ ప్యాడింగ్' అన్న కొత్త ప్రాపర్టీ వచ్చింది. ప్లెయిన్ స్టైల్‌లో దాని డిఫాల్ట్ విలువ ప్రతి సెక్షన్ హెడర్ పైనా సుమారు 22 పాయింట్లు వదులుతుంది. ఎక్స్‌కోడ్ 13తో, అంటే ఐఓఎస్ 15 ఎస్‌డీకేతో బిల్డ్ చేసినప్పటి నుంచే ఇది పనిచేస్తుంది. అందుకే అదే ఫోన్‌లో పాత బిల్డ్ బాగుండి, కొత్త బిల్డ్‌లో ఖాళీ వచ్చింది. కోడ్‌లో మీరేమీ మార్చలేదు కాబట్టి మీ కమిట్లు వెతికితే దొరకదు. ఆ ప్రాపర్టీని సున్నా చేస్తే పోతుంది. ఐఓఎస్ 14, అంతకు ముందువి కూడా సపోర్ట్ చేస్తుంటే వర్షన్ చూసి సెట్ చేయాలి. యాప్ మొత్తానికి ఒకేసారి అప్పియరెన్స్ ద్వారా సున్నా చేయవచ్చు, కానీ నేను ఆ పని ఆ ఒక్క టేబుల్‌కే చేస్తాను. మిగతా తెరల్లో ఆ ఖాళీ బాగుండవచ్చు. దీన్ని తప్పించడానికి కంటెంట్ ఇన్‌సెట్‌ను మైనస్ 22 చేసే సలహా ఎక్కడైనా కనిపిస్తే పాటించకండి. అది మొదటి హెడర్‌ను సరిచేసినట్టు కనిపించి, మిగతావాటిని వదిలేస్తుంది.

చివరిది, నాకు అన్నింటికంటే పట్టింపు ఉన్నది: తెగిన వత్తులు. దీన్ని డిజైన్ లోపంగా చూసి ఫాంట్ సైజు తగ్గించి సర్దుకునే టీములు ఉన్నాయి. దయచేసి అలా చేయకండి. చదవలేని తెలుగు కంటే చిన్న తెలుగు పెద్ద మెరుగేమీ కాదు, పైగా కారణం అక్కడ లేదు.

సిస్టమ్ ఫాంట్ శాన్ ఫ్రాన్సిస్కోలో తెలుగు అక్షరాలు లేవు. మీరు సిస్టమ్ ఫాంట్ అడిగినా, తెలుగు కనబడగానే ఐఓఎస్ దాని బదులు కోహినూర్ తెలుగు లాంటి వేరే ఫాంట్‌ను వాడుతుంది. దాని కొలతలు వేరు. మన లిపిలో వత్తులు కిందకు దిగుతాయి, 'రాష్ట్రం'లోలా రెండు వత్తులుంటే ఇంకా కిందకు. మీరు హెడర్ ఎత్తును 28 అని రాసేశారు, లేబుల్ ఎత్తును ఫాంట్ 'లైన్ హైట్' నుంచి లెక్కించారు. ఆ లైన్ హైట్ మీరు అడిగిన శాన్ ఫ్రాన్సిస్కోది, 17 పాయింట్ల సైజుకు అది సుమారు 20.3. నిజంగా గీస్తున్న ఫాంట్‌కు అంతకంటే ఎక్కువ జాగా కావాలి. యూఐ లేబుల్ తన హద్దుల లోపలే గీస్తుంది కాబట్టి ఆ హద్దు దాటిన వత్తు తెగిపోతుంది. 'క్లిప్స్ టు బౌండ్స్'ను ఫాల్స్ చేసి చూశామన్నారు, అది పనిచేయదు. తెగేది లేబుల్ సొంత గీతలోనే, సబ్‌వ్యూల దగ్గర కాదు.

కాబట్టి ఎత్తును మనం చెప్పడం మానేయాలి. 'హైట్ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' తీసేయండి, లేదా అందులో 'ఆటోమేటిక్ డైమెన్షన్' ఇవ్వండి. 'ఎస్టిమేటెడ్ సెక్షన్ హెడర్ హైట్'కు దగ్గరగా ఉండే అంకె, 44 లాంటిది, పెట్టండి. జిల్లా పేరు లేబుల్‌కు ఎత్తు కన్‌స్ట్రెయింట్ ఏదీ ఉండకూడదు. దాని పై అంచు కంటెంట్ వ్యూ పై అంచుకు, కింది అంచు కంటెంట్ వ్యూ కింది అంచుకు కట్టి ఉండాలి. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా హెడర్ తన ఎత్తు తేల్చుకోలేదు. 'నంబర్ ఆఫ్ లైన్స్' సున్నా చేయండి. సంఖ్య లేబుల్, బాణం తమ వెడల్పును గట్టిగా పట్టుకునేలా కంప్రెషన్ రెసిస్టెన్స్ పెంచండి, లేకపోతే పొడుగు పేరు వాటిని నలిపేస్తుంది. సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకునే పెద్దవాళ్లకు కూడా ఈ మార్పుతోనే మేలు జరుగుతుంది. ఫాంట్‌ను 'ప్రిఫర్డ్ ఫాంట్'తో తీసుకుని, 'అడ్జస్ట్స్ ఫాంట్ ఫర్ కంటెంట్ సైజ్ క్యాటగిరీ'ను ట్రూ చేయడం మరవకండి.

పరీక్షించేటప్పుడు 'హైదరాబాద్' పెట్టి చూసి సరే అనుకోకండి, అందులో ఒక్క వత్తూ లేదు. 'భద్రాద్రి కొత్తగూడెం', 'నల్లగొండ', 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు', 'అల్లూరి సీతారామరాజు' పెట్టండి. మొదటి రెండూ వత్తుల సంగతి తేలుస్తాయి, చివరి రెండూ చిన్న ఫోన్‌లో రెండో లైన్‌లోకి వెళ్లి ఎత్తు గొలుసు సరిగ్గా ఉందో లేదో చెబుతాయి. నిజమైన తెలుగుతో పరీక్షించకుండా వదిలితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో అందరూ చూశారు. తెలుగు అక్షరాల ఒక కూర్పు ఐఫోన్ యాప్‌లను క్రాష్ చేసింది, ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు.

ఈ పనిలో ఉండగానే తెరను చదివి వినిపించే వాయిస్ ఓవర్ వాడేవాళ్ల కోసం హెడర్‌కు యాక్సెసిబిలిటీ ట్రెయిట్స్‌లో 'హెడర్' చేర్చండి. వాళ్లు వరుసలన్నీ వినకుండా జిల్లా నుంచి జిల్లాకు దూకగలుగుతారు. ఒక్క లైన్ కోడ్.

పాత, కొత్త జాబితాల తేడాను తనే లెక్కేసుకునే డిఫబుల్ డేటా సోర్స్‌కు మారే ఆలోచన ఉందన్నారు. మారండి, డిలీట్ లెక్కలు కుదరక వచ్చే క్రాష్‌లు పోతాయి. కానీ హెడర్ బగ్‌లు దానంతట అవి పోతాయనుకోకండి. హెడర్ వ్యూ అప్పుడూ డెలిగేట్ నుంచే వస్తుంది. మామూలు టైటిల్ కావాలంటే మాత్రం డేటా సోర్స్ క్లాసుకు సబ్‌క్లాస్ రాసి అందులో ఓవర్‌రైడ్ చేయాలి. స్నాప్‌షాట్ (జాబితా కొత్త స్థితి) అప్లై చేసినప్పుడు సెక్షన్ ఐడెంటిఫయర్ మారకపోతే టేబుల్ వ్యూ హెడర్‌ను మళ్లీ అడగదు, కాబట్టి సంఖ్యను పైన చెప్పినట్టు మీరే మార్చాలి. ఆ సంఖ్యను ఐడెంటిఫయర్ లోపల పెట్టేస్తే హెడర్ మారుతుంది కదా అనిపించవచ్చు. అలా చేస్తే ప్రతి డిలీట్‌కూ మొత్తం సెక్షన్ పోయి కొత్త సెక్షన్ వచ్చినట్టు యానిమేట్ అవుతుంది. ఐడెంటిఫయర్‌లో జిల్లా కోడ్ ఒక్కటే ఉంచండి.

మీరైతే ముందు ప్రోటోటైప్ సెల్‌ను తీసేసి హెడర్ ఫుటర్ వ్యూ పెట్టండి, ఆ తర్వాత ట్యాగ్ బదులు జిల్లా కోడ్, ఆ తర్వాత ఎత్తు. ఈ వరుస మార్చకండి, ఎందుకంటే 'హెడర్ వ్యూ ఫర్ సెక్షన్' పనిచేయాలంటే మొదటిది అయిపోయి ఉండాలి. ఒక్కో మార్పుకూ విడిగా కమిట్ చేయండి. అన్నీ అయ్యాక కూడా డిలీట్‌తో హెడర్ పోతుంటే మూడు విషయాలు ఇక్కడ పెట్టండి: డిలీట్ చేసే ఫంక్షన్ మొత్తం, డిలీట్ అయిన వెంటనే 'రెక్ట్ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' ఇచ్చిన విలువ, అదే క్షణంలో 'హెడర్ వ్యూ ఫర్ సెక్షన్' నిల్ ఇచ్చిందా వ్యూ ఇచ్చిందా. వాటిని బట్టి మిగతాది చెబుతాను.